కులనిర్మూలన, వర్గశత్రునిర్మూలన: ‘అనైహిలేట్’ క్రియకు తెలుగులో ఒక కర్మవిచారం

వ్యాససంగ్రహం

సంపూర్ణ వినాశాన్ని చెప్పే ఆంగ్ల క్రియలలో ‘అనైహిలేట్’ ప్రధానమైనది. ఏమీ లేకుండా చేయడం దాని వ్యుత్పత్త్యర్థం. తెలుగు రాజకీయ, సామాజిక రచనలలో దీనికి సమానార్థకంగా స్థిరపడిన ‘నిర్మూలించు’ మాత్రం వేరు లేకుండా చేయడాన్ని చెబుతుంది. అంబేడ్కర్ 1936 నాటి ప్రసంగపాఠం శీర్షిక, ప్రజారోగ్య పరిభాష, శ్రీకాకుళ పోరాటకాలపు రాజకీయ పరిభాష అనే సందర్భాలలో ఈ సమానార్థకత ఎలా పనిచేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ క్రియకు అర్థాన్ని నిర్ణయించేది దాని కర్మ అనీ, తెలుగు సమాసరూపం ఆ కర్మ స్వభావాన్ని మరుగుపరుస్తున్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనైహిలేట్, నిర్మూలన, అనువాదం, అంబేడ్కర్, ద్వితీయా విభక్తి, రాజకీయ పరిభాష.

1. శూన్యం, వేరు

లాటిన్‌లో ‘నిహిల్’ అంటే ఏమీ లేనిది. దానికి ‘వైపు’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరి, తరువాతి కాలపు లాటిన్‌లో ఏర్పడిన క్రియ నుంచి ఆంగ్లంలోకి ‘అనైహిలేట్’ వచ్చింది. ఉన్నదానిని లేనితనంలోకి పంపడమే దీని అక్షరార్థం. కొట్టడం, కూల్చడం, కాల్చడం అనే చేతలేవీ ఈ మాటలో కనిపించవు. ఫలితం మాత్రమే కనిపిస్తుంది. ఈ విలక్షణత మన చర్చకు కీలకం.

మధ్యయుగపు క్రైస్తవ తాత్త్వికులకు ఈ పదం వేదాంత పరిభాష. దేవుడు ఏమీ లేనిదాని నుంచి ప్రపంచాన్ని సృజించాడని నమ్మినవారికి, ఉన్నదానిని తిరిగి ఏమీ లేనిదిగా చేయగలవాడూ దేవుడే. 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ తన ‘సుమ్మా థియొలాజికా’ తొలిభాగంలో ఈ ప్రశ్నను రెండుగా విడదీశాడు. దేవుడు దేనినైనా శూన్యం చేయగలడా? వాస్తవంగా ఏదైనా అలా శూన్యమవుతున్నదా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని అతని సమాధానం. అంటే ఈ క్రియకు నిజమైన కర్త ఒక్కడే, ఆ కర్త కూడా దానిని ప్రయోగించడు! మనిషిని కర్తగా పెట్టి ఈ క్రియను వాడిన ప్రతిచోటా కొంత అతిశయోక్తి ఉండక తప్పదు. క్రికెట్ జట్టు ఓటమికి ఆంగ్ల పత్రికలు ఈ మాట వాడినప్పుడు అది ఒట్టి అలంకారం. అదే సందర్భంలో మన పత్రికలు ‘చిత్తు చేసింది’, ‘మట్టి కరిపించింది’ అంటాయి. ఇవి కుస్తీగోదా మాటలు. ఓడినవాడు ఒళ్లు దులుపుకొని మళ్లీ బరిలోకి దిగే వీలు వీటిలో ఉంది.

భౌతికశాస్త్రంలోనూ ఈ పదం కచ్చితంగా ఒప్పదు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి మాయమయ్యే ప్రక్రియకు ఆంగ్లంలో ‘అనైహిలేషన్’ అని పేరు. సాధారణంగా అప్పుడు ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల రెండు గామా కిరణాలు వెలువడతాయి. ఆసుపత్రులలోని పెట్ స్కాన్ యంత్రం పట్టుకొనేది వీటినే. శక్తి మొత్తం నిలిచే ఉంటుంది, రూపం మాత్రమే మారుతుంది. సాంఖ్యులు విన్నా దీనికి ఆశ్చర్యపడరు. నాశమంటే కార్యం తన కారణంలో లయించడమేనన్నది వారి సిద్ధాంతం.

మన శాస్త్రభాషలో వినాశవాచకాలు ఈ శూన్యం జోలికి పోకుండా జాగ్రత్తగా నిలబడినట్లు కనిపిస్తాయి. పాణినీయ ధాతుపాఠం ‘నశ్’ ధాతువుకు కనబడకపోవడమనే అర్థాన్ని ఇచ్చింది. ‘ధ్వంస్’ ధాతువుకు జారిపడటం, రాలిపోవడం అర్థం. నైయాయికులు మాత్రం ‘అభావం’ అనే పదార్థాన్ని అంగీకరించి దానిని నాలుగు విధాలు చేశారు. అందులో ప్రధ్వంసాభావానికి ఆది ఉంది, అంతం లేదు. కుండ పగిలిన క్షణాన ఆ కుండ లేమి మొదలవుతుంది, ఇక అది ఎన్నటికీ తీరదు. అయినా పెంకులు మిగిలే ఉంటాయి. ‘తర్కసంగ్రహం’ చదివిన విద్యార్థికి ఇది ప్రాథమిక పాఠం. లేమిని చెప్పేటప్పుడు ‘దేని లేమి’ అని చెప్పి తీరాలన్నది ఆ పాఠంలోని అసలు పట్టు. ప్రతియోగి లేని అభావం ఉండదు.

దేశ్యపదాలలో ‘రూపుమాపు’, ‘తుడిచిపెట్టు’, ‘మట్టుబెట్టు’, ‘నేలమట్టం చేయు’ వంటివి ఉన్నాయి. వీటిలో ‘అనైహిలేట్’ వ్యుత్పత్త్యర్థానికి అతి సమీపంగా వచ్చేది ‘నామరూపాలు లేకుండా చేయు’ అనే పలుకుబడి. వస్తువునూ దాని పేరునూ ఒకేసారి తొలగించే మాట ఇది. అయినప్పటికీ అనువాదకులు దీనిని వదిలి ‘నిర్మూలించు’ను ఎంచుకొన్నారు. ఇందులో ఉన్నది మూలం, అంటే వేరు. ఆంగ్లంలో దీనికి సరితూగే కవలపదం ‘ఎరాడికేట్’. లాటిన్ ‘రాడిక్స్’ అన్నా వేరే. బయటికి లాగడాన్ని చెప్పే ఉపసర్గ దానికి చేరింది. ఆంగ్లంలో శూన్యం చేసే క్రియ ఒకటి, వేరు పెకలించే క్రియ మరొకటి ఉండగా తెలుగు ఆ రెండింటినీ ‘నిర్మూలన’ అనే ఒకే గూటికి చేర్చింది. దీని ఫలితాలు ఒక్కో సందర్భంలో ఒక్కోలా ఉన్నాయి.

2. లాహోరు ప్రసంగం: రెండు క్రియల మధ్య దూరం

లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ తమ వార్షిక సమావేశానికి అధ్యక్షత వహించమని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్‌ను ఆహ్వానించడం, ప్రసంగపాఠంలోని భావాలకు అభ్యంతరం చెప్పడం, సమావేశం జరగకపోవడం, 1936 మే నెలలో అంబేడ్కర్ ఆ పాఠాన్ని సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేయించడం పరిశోధకులకు తెలిసిన చరిత్రే. ఈ చరిత్రలో క్రియాపదాల పాత్రపై మాత్రం తగినంత దృష్టి పడలేదు.

మండలి పేరులోనే ఒక క్రియ ఉంది. ‘తోడ్‌నా’ అంటే విరచడం, తెంచడం. కులాన్ని విరిచే మండలి అది. ముందుమాటతోపాటు అంబేడ్కర్ ప్రచురించిన ఉత్తరాలలో, మండలి తరఫున సంత్ రామ్ రాయగా 1935 డిసెంబరు 12న అంబేడ్కర్‌కు అందినది ఒకటుంది. అంబేడ్కర్ కొత్తగా కనుగొన్న సూత్రమని ఆయన అందులో ఒక వాక్యాన్ని ఉదాహరించారు. కులవ్యవస్థకు పునాదిగా ఉన్న మతభావనలను సమూలంగా లేకుండా చేయనిదే కులాన్ని విరచడం సాధ్యం కాదన్నది దాని సారాంశం. ఆంగ్లమూలంలో ఇక్కడ రెండు వేర్వేరు క్రియలున్నాయి. కులానికి ‘బ్రేక్’, మతభావనలకు ‘అనైహిలేట్’. విరిచేది కులాన్ని, శూన్యం చేసేది భావనలను. మండలి తన పేరులో పెట్టుకొన్న క్రియ దానికే మిగిలింది. దానికి ముందస్తు షరతుగా మరో తీవ్రమైన క్రియ వచ్చి చేరింది. వివాదమంతా ఈ రెండో క్రియ దగ్గరే పుట్టింది. కులాన్ని విరచడానికి మండలికి అభ్యంతరం లేదు. శాస్త్రాల ప్రామాణ్యాన్ని లేకుండా చేయడం దగ్గరే వారు వెనుకాడారు.

పుస్తకం శీర్షికలోకి వచ్చేసరికి ‘బ్రేక్’ తప్పుకొంది. ‘అనైహిలేషన్’ నేరుగా కులానికే వర్తించింది. ఇది కేవలం ఉద్వేగంతో జరిగిన మార్పు కాదనడానికి ప్రసంగంలోనే ఆధారం దొరుకుతుంది. కులం ఇటుకగోడ వంటి, ముళ్లకంచె వంటి భౌతికవస్తువు కాదని, అది ఒక భావన, ఒక మానసికస్థితి అని అంబేడ్కర్ అక్కడ నిర్వచించారు. గోడను ఎంత కూల్చినా శిథిలాలు మిగులుతాయి. భావనకు శిథిలాలుండవు. నమ్మేవాడు నమ్మడం మానితే అది నిజంగానే ఏమీ లేనిదవుతుంది. మనుషులు అతిశయోక్తి లేకుండా ‘అనైహిలేట్’ చేయగలిగినది ఈ లోకంలో ఏదైనా ఉంటే అది భావన ఒక్కటే. అక్వినాస్ దేవునికి మాత్రమే ఇచ్చిన క్రియను అంబేడ్కర్ మనుషుల చేతికి ఇచ్చారు, కానీ దానికి తగిన కర్మను కూడా చూపించే ఇచ్చారు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ శీర్షిక బలమంతా ఇక్కడే ఉంది.

‘కులనిర్మూలన’ అన్నప్పుడు ఇందులో ఎంత మిగిలింది? ఒకవైపు నుంచి చూస్తే తెలుగు శీర్షిక మూలశీర్షిక కంటే వాదానికి దగ్గరగా ఉంది. సహపంక్తి భోజనాలు చాలవు, వర్ణాంతర వివాహాలు నిజమైన మందు, అయినా శాస్త్రాల పవిత్రతపై నమ్మకం పోనిదే అవి వ్యాపించవు అన్న క్రమంలో ప్రసంగం నడుస్తుంది. ఇది కొమ్మ నుంచి కాండానికి, కాండం నుంచి వేరుకు దిగే తర్కం. ‘మూలం’ అనే మాటకు తెలుగులో వేరు, కారణం, ఆధారగ్రంథం అనే మూడు అర్థాలూ ఉన్నందున ‘నిర్మూలన’ వినగానే కులానికి మూలమేది అనే ప్రశ్న పుడుతుంది. అది శాస్త్రగ్రంథం అన్న సమాధానం పదంలోనే పొంచి ఉంటుంది. కన్నడంలో స్థిరపడిన ‘జాతి వినాశ’కు ఈ సౌలభ్యం లేదు. హిందీలో వాడే ‘ఉన్మూలన్’కు ఉంది, ‘ఉచ్ఛేద్’కు లేదు.

మరోవైపు నష్టమూ ఉంది. వేరున్నది చెట్టుకు. చెట్టు తనంత తాను మొలుస్తుంది, నేల దానిని పోషిస్తుంది. కులాన్ని చెట్టుగా ఊహించిన క్షణాన అది ఈ నేలకు సహజమైనదన్న సూచన చాటుగా ప్రవేశిస్తుంది. మనుషులు కల్పించి, మనుషులే నమ్మి నిలబెట్టిన భావన అన్న నిర్వచనానికి ఇది ఎదురు. పైగా వేరు పెకలించిన చోట గుంత ఉంటుంది, గింజ పడితే మళ్లీ మొక్క వస్తుంది. శూన్యం చేసిన చోట ఏం నిలబెట్టాలన్న ప్రశ్న అంబేడ్కర్‌కు ముఖ్యం. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం పునాదిగా గల సమాజాన్ని ఆయన తన ఆదర్శంగా అదే ప్రసంగంలో చెప్పారు. ‘కులనిర్మూలన’ను సభలలో నినాదంగా పలికేవారు ఈ రెండో సగాన్ని చాలాసార్లు వదిలేయడానికి పదచిత్రం కూడా కొంత కారణం కావచ్చు. లాభనష్టాలు తూచి చూస్తే, ఈ శీర్షికను మార్చవలసిన అవసరం లేదు. దశాబ్దాల ఉద్యమచరిత్ర దానికి వ్యుత్పత్తికి మించిన అర్థాన్ని ఇచ్చింది.

3. పలచబడిన పదం

ఆ అర్థానికి అసలు ముప్పు కార్యాలయ పరిభాష నుంచి వచ్చింది. మలేరియా నిర్మూలన, కుష్ఠు నిర్మూలన, పేదరిక నిర్మూలన, అవినీతి నిర్మూలన అంటూ ఈ పదం ప్రభుత్వ పథకాల పేర్లలో అరిగిపోయింది. దేశంలో 1953లో మలేరియా నియంత్రణకు మొదలైన కార్యక్రమం 1958లో ‘ఎరాడికేషన్’ కార్యక్రమమైంది. 1976లో కేసులు 64 లక్షలు దాటడంతో మరుసటి సంవత్సరమే వ్యూహాన్ని సవరించవలసివచ్చింది. ప్రజారోగ్యశాస్త్రంలో ‘కంట్రోల్’, ‘ఎలిమినేషన్’, ‘ఎరాడికేషన్’ మూడు భిన్నమైన లక్ష్యాలు. ప్రపంచం మొత్తంలో శాశ్వతంగా లేకుండా పోయినప్పుడే మూడోది వర్తిస్తుంది. మనుషుల వ్యాధులలో ఆ స్థితికి చేరినది మశూచి ఒక్కటే. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని ప్రకటించింది.

కుష్ఠు విషయంలో పది వేల జనాభాకు ఒక కేసు కంటే తగ్గితే ప్రజారోగ్య సమస్యగా ‘ఎలిమినేషన్’ జరిగినట్లు లెక్క. మన దేశం 2005 డిసెంబరులో ఆ స్థాయికి చేరింది. తెలుగులో దీనినీ ‘నిర్మూలన’ అనే రాయడం వల్ల, నిర్మూలన జరిగిన తరువాత కూడా రోగులుండటమేమిటన్న అయోమయం సామాన్య పాఠకునికి కలిగింది. జిల్లాలో వ్యాధి లేదని నమ్మినవారు లక్షణాలను పట్టించుకోకపోతే నష్టపోయేది రోగి. వైద్యపరిభాషలో ‘ఎలిమినేషన్’కు మరో మాట వెతకడం అత్యవసరం. ఇక్కడ కూడా చర్చ శూన్యం చుట్టూనే తిరుగుతున్నదని గమనించాలి. ఎంత మిగిలితే ‘లేదు’ అనవచ్చు? నైయాయికుడు ఆ ప్రశ్నకు ఒప్పుకోడు. గణాంకశాస్త్రజ్ఞుడు ఒప్పుకొంటాడు.

4. మనిషి కర్మ అయినప్పుడు

జర్మన్‌లో ‘ఫెర్‌నిఖ్‌టుంగ్’ అనే పదం నిర్మాణంలో ‘అనైహిలేషన్’కు ప్రతిబింబం. దానిలోనూ ‘లేదు’ అనే మాటే ఉంది. క్లౌజెవిట్జ్ యుద్ధశాస్త్రంలో శత్రుసైన్యానికి ఈ పదాన్ని వాడినప్పుడు, అది ఇక పోరాడలేని స్థితికి చేరడమే తన ఉద్దేశమని వివరించాడు. మావో 1938లో దీర్ఘకాలిక యుద్ధంపై చేసిన ఉపన్యాసాలలో శత్రువును నాశనం చేయడమంటే నిరాయుధుణ్ని చేయడం, ప్రతిఘటించే శక్తి లేకుండా చేయడమని, ప్రతి సైనికుణ్నీ శారీరకంగా చంపడం కాదని స్పష్టంగా వేరుచేశాడు. ఈ ఇద్దరికీ కర్మ సైన్యపు శక్తి. అది భావన కాకపోయినా భావనలాగే లేకుండా పోగలదు.

కర్మస్థానంలోకి మనుషులే వచ్చినప్పుడు ఏమవుతుందో 20వ శతాబ్ది చూసింది. 1939 జనవరి 30న హిట్లర్ రైష్‌స్టాగ్‌లో యూదుజాతిని ఉద్దేశించి వాడినది ఈ ‘ఫెర్‌నిఖ్‌టుంగ్’ అనే పదమే. ఆ తరువాత జరిగినదానికి పేరు లేక రఫాయెల్ లెమ్‌కిన్ 1944లో ‘జెనోసైడ్’ అనే పదాన్ని కల్పించాడు. దాని వివరణలో ఆయన ‘అనైహిలేట్’ వాడాడు. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మాత్రం ‘డిస్ట్రాయ్’ అనే క్రియను తీసుకొని, పూర్తిగాగానీ పాక్షికంగాగానీ అని చేర్చింది. శూన్యానికి పాక్షికత ఉండదు. నేరాన్ని విచారించవలసిన చట్టానికి శూన్యం కొలమానంగా పనికిరాదు. చివరి మనిషి కూడా పోయేవరకు నేరం పూర్తికాదనే వాదనకు తావిచ్చే క్రియను చట్టం పక్కన పెట్టింది.

తెలుగునేలపై ఇదే క్రియ శ్రీకాకుళంలో వినిపించింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు హతులైన తరువాత రగిలిన పోరాటం, 1969లో సి.పి.ఐ. (ఎం.ఎల్.) ఏర్పడిన నాటికి చారు మజుందార్ ప్రతిపాదించిన మార్గంలో నడిచింది. ఆ మార్గానికి ఆంగ్లంలో ‘అనైహిలేషన్’, బెంగాలీలో ‘ఖతం’, తెలుగులో ‘వర్గశత్రు నిర్మూలన’ అని పేరు. తెలంగాణలో రోజువారీ మాటగా ఉన్న ‘ఖతం’ అరబ్బీ మూలం నుంచి వచ్చింది. ముగించడం దాని అర్థం. అందులో దాపరికం తక్కువ. ‘నిర్మూలన’లో అలా కాదు. మనిషికి వేరు లేదు. వేరుందనుకొని పెకలించినప్పుడు ఆ మనిషి కలుపుమొక్కగా మారతాడు. కలుపు తీయడం రైతుకు నేరం కాదు, ధర్మం. తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి వంటి విప్లవనాయకులే ఈ మార్గంతో విభేదించారు. వారి విమర్శ ప్రధానంగా ఎత్తుగడలకు సంబంధించినది. పదంపై విమర్శ సాహిత్య విద్యార్థులు చేయవలసిన పని.

రాజ్యం వైపు పరిభాష ఇందుకు భిన్నంగా లేదు. ‘నక్సలిజం నిర్మూలన’, ‘నక్సలైట్ల ఏరివేత’ అని పత్రికలు ఒకే వార్తలో రాస్తాయి. మొదటిదానిలో కర్మ ఒక సిద్ధాంతం. రెండోదానిలో మనుషులు. ఏరివేయడం బియ్యంలో రాళ్లకు చేసేది. ‘కూంబింగ్’ అన్న ఆంగ్లపదంలోనూ దువ్వెనే ఉంది. రాళ్లు, కలుపు, పేలు. ఇరుపక్షాల భాషా ఇంటిపని, పొలంపని మాటలతో హత్యను మామూలు చేసింది.

ఈ దాపరికానికి తెలుగు వ్యాకరణంలో ఒక ఆధారం కనిపిస్తున్నది. జడవాచకాలు కర్మ అయినప్పుడు ద్వితీయకు బదులుగా ప్రథమ రావచ్చునని చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’లో సూత్రీకరించాడు. నేటి వాడుకలోనూ ఈ భేదం సజీవంగా ఉంది. ‘చెట్టు నరికాడు’ అనవచ్చు, ‘చెట్టును నరికాడు’ అనీ అనవచ్చు. ‘మనిషి నరికాడు’ అంటే మాత్రం అర్థమే తారుమారవుతుంది, నరికినవాడే మనిషి అవుతాడు. ‘మనిషిని’ అని తీరాలి. ఆ చిన్న ‘ని’ కర్మస్థానంలో ప్రాణమున్నదని పలికే ప్రతిసారీ గుర్తుచేస్తుంది. సమాసం ఈ ప్రత్యయాన్ని మింగేస్తుంది. ‘కులనిర్మూలన’, ‘వర్గశత్రునిర్మూలన’ అని పక్కపక్కన రాస్తే రెండింటి ఆకారం ఒక్కటే. విగ్రహవాక్యం చెప్పినప్పుడే తేడా బయటపడుతుంది. ‘కులం నిర్మూలించాలి’ అనే వాక్యం నిలుస్తుంది. ‘వర్గశత్రువు నిర్మూలించాలి’ నిలవదు. ‘వర్గశత్రువును’ అనగానే ఒక మనిషి, అతని ఊరు, అతని ఇల్లు కళ్ల ముందుకు వస్తాయి.

కులనిర్మూలన అన్నందువల్ల ఆ కులంలో పుట్టినవారిని ఉద్దేశించినట్లు కొందరు వక్రీకరించడానికీ, వర్గనిర్మూలన అన్న ఆశయం వ్యక్తుల హత్యగా మారడానికీ మధ్య ఈ వ్యాకరణ సంబంధం ఉంది. రెండుచోట్లా భావనను చెప్పే పదం మనుషుల సమూహాన్ని కూడా చెప్పగలదు. తెలుగులో ‘కులం’ ఒక వ్యవస్థ పేరు, ఒక జనసమూహం పేరు కూడా. ‘వర్గం’ సైతం అంతే. అంబేడ్కర్ 1935లోనే క్రియను మతభావనలకు కట్టి, 1936లో కులాన్ని భావనగా నిర్వచించడం ఈ ప్రమాదాన్ని ముందే మూసివేసింది. శ్రీకాకుళపు పరిభాషకు అటువంటి నిర్వచనపు రక్షణ లేదు. ‘వర్గం’ తరువాత ‘శత్రువు’ను చేర్చడంతో అక్కడ జనసమూహం కూడా తప్పుకొని, వ్యక్తి నిలబడ్డాడు.

ఆచార్యులు, అనువాదకులు ఈ క్రియను తెలుగు చేసేటప్పుడు సమాసాన్ని విప్పి చూసే అలవాటు చేసుకోవలసి ఉంది. వాక్యంలో ‘ను’ లేకుండా కర్మ నిలిచిన చోట ‘నిర్మూలన’ను నిశ్చింతగా వాడవచ్చు. ‘ను’ తప్పనిసరి అయిన చోట ‘చంపడం’, ‘హత్య’, ‘సామూహిక హత్య’ అనే మాటలే రాయాలి. ‘యూదుల నిర్మూలన’ అని రాసే ప్రతి పాఠ్యపుస్తకం, తెలియకనే అయినా, హంతకుల పదాన్ని వారి అర్థంలోనే అనువదిస్తున్నది.